సముద్రం అవతలి సరుకు

"ఆ తాళం పగలగొట్టించండి," అంది జెర్లీన.

"ఎవరి తాళం?" అన్నాడు ఆన్‌షెల్.

"ఎదుటి దుకాణం ప్రూయిట్ తాళం. మన గోడౌన్ తలుపుకి వాడు తగిలించిన తాళం."

"గోడౌన్‌లో ఉన్న సరుకు మనది కాదు జెర్లీనా. అమ్మేశాం."

"అమ్మేశారట. ఏడాదికోసారి ఒక వెండి డాలరు పుచ్చుకుని తాళంచెవి ఇవ్వడం, పండుగ వెళ్ళగానే డాలరు తిరిగిచ్చేసి తాళంచెవి తెచ్చుకోవడం. ఇన్నేళ్ళూ కమ్మరి టియర్నీ కొన్నాడు. ఒక్కనాడైనా ఆయన మన పిండిలో పిడికెడు ముట్టాడా? దాన్ని అమ్మడం అంటారా ఎవరైనా?"

ఆన్‌షెల్ కాఫీ గిన్నె పక్కకి జరిపాడు. తాగలేదు. బల్ల మీద పస్కా పండుగ తాలూకు పొంగని రొట్టెలు ఇంకా మిగిలే ఉన్నాయి. పండుగ నిన్న సాయంత్రంతో వెళ్ళిపోయింది. ఏ ఏటికాయేడు ఈపాటికి ఇల్లంతా కొత్త రొట్టె వాసనతో ఘుమఘుమలాడుతూ ఉండేది. పిండి లేని ఇంట్లో రొట్టె ఎక్కణ్ణుంచి వస్తుంది? కొండల నడుమ హెలెనాలో సగం ఊరికి పిండి పోసే లిండావర్ ఇంట్లో ఆ పొద్దున గుప్పెడు పిండి లేదు.

కిటికీ కింద ఆడవాళ్ళు సంచులు పట్టుకుని బురదలో నిలబడ్డారు. కనుమల మీద మంచు కరగలేదు, దక్షిణాన్నుంచి బళ్ళు రావు. నదిలో పడవలు నడవాలంటే జూన్ రావాలి. అందాకా ఊరు తినవలసిన పిండి అంతా దుకాణం వెనక రాతి గోడౌన్‌లో ఉంది. ఊరు మాటిమాటికీ తగలబడుతుందని ఆన్‌షెల్ రాతి గోడలు లేపి, ఇనప తలుపు బిగించి మరీ కట్టించాడు దాన్ని. ఇప్పుడు ఆ ఇనప తలుపు ముందు ప్రూయిట్ మనిషి ఒకడు తుపాకి ఒళ్ళో పెట్టుకుని పీపా మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం నుంచి అమ్మకం అన్నాడు. ధర చెప్పాడు. ధర వినగానే ఆడవాళ్ళ నోళ్ళు లేచాయి.

"లిండావర్ కూడా ఇంతేనన్నమాట," అంటోంది ఒకావిడ. "చలికాలమంతా ఒకే ధర అని గొప్పలు పోయి, ఇప్పుడు ఇంకొకడి చేత పెంచి అమ్మిస్తున్నాడు."

"విన్నారా?" అంది జెర్లీన.

"చెవులున్నాయి కదా, విన్నాను."

"ఈ పిండి పోతే దుకాణం పోయినట్టే. జూన్‌లో పడవ మీదొచ్చే సరుకుని ఏం పెట్టి కొంటారు? మీ ధర్మశాస్త్రం పెట్టి కొంటారా?"

అనకూడని మాట. అన్న తరవాత ఆమెకీ తెలిసింది. ఆన్‌షెల్ బవేరియాలో ఒక పల్లెటూరి పంతులుగారి కొడుకు. హెలెనాలో యూదులకి గురువంటూ లేడు కాబట్టి పండుగ పబ్బాలకి ప్రార్థన చదివేది ఆయనే, ఏది చెయ్యొచ్చో ఏది కూడదో చెప్పేది ఆయనే. పస్కా ఎనిమిది రోజులూ పులిసినదేదీ యూదుడి ఇంట్లో ఉండకూడదు, అతని సొత్తుగా ఎక్కడా ఉండకూడదు. బీదవాడైతే మిగిలిన రొట్టెముక్క కాల్చేసి చేతులు దులుపుకుంటాడు. విస్కీ పీపాలూ, బిస్కట్ల పెట్టెలూ ఉన్న వ్యాపారి గోడౌన్ కాల్చుకోలేడు. అందుకే పండుగకి ముందు వేరే మతస్థుడికి అమ్మేసి తాళంచెవి చేతిలో పెడతాడు. పులియని మామూలు పిండి ఆ లెక్కలోకి వస్తుందా అన్నది సందేహమే. కానీ సందేహం ఉన్నచోట ఆన్‌షెల్ ఎప్పుడూ కష్టమైన వైపే నిలబడతాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కోపెల్ వచ్చాడు.

కోపెల్ జెర్లీన తమ్ముడు. తల్లి పోయినప్పుడు చంటివాడు. జెర్లీన చంకన వేసుకుని పెంచింది. తన పెళ్ళి గొలుసు అమ్మి, ఓడ టిక్కెట్టు కొని, ఈ దేశానికి రప్పించింది. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళవాడు. ఇంగ్లీషు దొరలా మాట్లాడతాడు. పండుగ ముందు రోజు బావ జ్వరంతో మంచం మీద ఉంటే, సరుకు అమ్మి తాళంచెవి ప్రూయిట్ చేతిలో పెట్టి వచ్చింది వీడే. టియర్నీకి ఒంట్లో బాగాలేదట, మంచం దిగడం లేదట, అందుకని ప్రూయిట్‌ని అడిగానని ఆ రోజు చెప్పాడు.

"జడ్జి దగ్గరికి పోదాం బావా," అన్నాడు కోపెల్, టోపీ చేతిలో తిప్పుతూ. "ఇది మా మతంలో ఒక తంతు, నిజం అమ్మకం కాదు అని నువ్వు ప్రమాణం చెయ్యి. నీ మాటంటే ఊళ్ళో విలువుంది. ఒక్క పూటలో తాళం ఊడుతుంది."

"ప్రమాణం చేస్తే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు. అయినా అడుగుతున్నాను."

"నాకు తెలీదు. చెప్పండి," అంది జెర్లీన.

ఆన్‌షెల్ ఆమె వైపు తిరిగాడు. "ఆటకి అమ్మాం అంటే, ఎనిమిది రోజులూ ఆ సరుకు నాదే అయినట్టు. పస్కాలో యూదుడి సొత్తుగా ఉన్న పులిసిన సరుకు పండుగ తరవాత కూడా పనికిరాదు. తినకూడదు, అమ్మకూడదు, దానివల్ల పైసా లాభం పొందకూడదు. నిజంగా అమ్మాం అంటే, అది ప్రూయిట్ సొత్తు. ఎటు తిప్పినా మనకి దక్కదు. అబద్ధమాడి తెచ్చుకున్నా దక్కదు, నిజం చెప్పి వదులుకున్నా దక్కదు."

"అయితే పిండి సముద్రం అవతలే ఉండిపోయిందన్నమాట," అంది జెర్లీన.

నవ్వడానికి అనలేదు. కానీ ఆ మాట వినగానే ఆన్‌షెల్ పెదవి కొంచెం వంగింది. అది ఆ ఇంటి మాట. పస్కా అంటేనే పూర్వం యూదులు ఫరో రాజు చెర తప్పించుకుని ఎర్ర సముద్రం దాటిన జ్ఞాపకం. కోపెల్ ఈ దేశం వచ్చిన మొదటి పస్కాకి, గోడౌన్‌లోంచి బిస్కట్లు తెస్తానని లేచాడు. కూడదురా, అది ఇప్పుడు మనది కాదన్నాడు బావ. "అయితే మనం ఎర్ర సముద్రం దాటి వచ్చేశాం, బిస్కట్లు మాత్రం ఫరో దగ్గర అవతలి ఒడ్డున ఉండిపోయాయన్నమాట," అన్నాడు కుర్రాడు. ఆన్‌షెల్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. అప్పట్నుంచి పండుగ రోజుల్లో ఆ ఇంట్లో గోడౌన్ అన్న మాట వినబడదు. సముద్రం అవతల అంటారు, అంతే.

కోపెల్ మాత్రం నవ్వలేదు. "నువ్వు ప్రమాణం చెయ్యనంటే నేనేం చెయ్యను బావా," అని కిందికి వెళ్ళిపోయాడు.

"పిల్లాడు నలిగిపోతున్నాడు," అన్నాడు ఆన్‌షెల్. "తన చేతి మీదుగా జరిగిందని వాడికి బాధ. వాణ్ణి ఏమీ అనకు."

తమ్ముణ్ణి అనడానికి జెర్లీనకి నోరెప్పుడు వచ్చింది కనక?

బయటి మెట్లెక్కి వంటింటి వెనక తలుపు ఎవరో తట్టారు. తీస్తే కమ్మరి టియర్నీ. భుజాలు తలుపుకి సరిపడా ఉన్నాయి. చేతిలో గుడ్డలో చుట్టిన రొట్టె. పండుగ వెళ్ళిన మర్నాడు టియర్నీ భార్య కాల్చిన మొదటి రొట్టె లిండావర్ ఇంటికి రావడం, ఆన్‌షెల్ ఆయనకి గ్లాసుడు విస్కీ పొయ్యడం, డాలరూ తాళంచెవీ చేతులు మారడం ఏటేటా జరిగేదే.

"మా ఆవిడ ఇమ్మంది," అన్నాడు టియర్నీ, రొట్టె చాపి. గడప దాటి లోపలికి రాలేదు.

"లోపలికి రండి. ఎలా ఉంది ఒంట్లో?"

"ఒంటికేం, దుక్కలా ఉన్నాను." ఆయన గడ్డం గీరుకున్నాడు. "నా వల్ల ఏం తప్పు జరిగిందో కనుక్కుందామని వచ్చానమ్మా. ఇన్నేళ్ళూ మీ పిండికి మహారాజుని నేను. ఎనిమిది రోజులు ఊళ్ళో కాలరెగరేసుకు తిరిగేవాణ్ణి, లిండావర్ గోడౌన్ నాది అని. మా ఆవిడైతే ఆ వారం నన్ను మిల్లుదొర అని పిలిచేది. ఈ ఏడు నన్ను కాదని ఆ ప్రూయిట్‌ని పిలిచారు. నేనేమైనా గింజ ముట్టానా?"

"మీకు జబ్బు చేసిందన్నారు కదా. మంచం దిగలేదన్నారు."

"ఎవరన్నారు?"

జెర్లీన చూపు దుకాణంలోకి దిగే మెట్ల వైపు పోయింది.

"ఒక్క పూట కొలిమి చల్లారలేదు, కావాలంటే వీధిలో ఎవర్నైనా అడగండి. పండుగ ముందు మీ తమ్ముడే వచ్చాడు. ఆయన గుర్రానికి నాడాలు కొడుతున్నాను కూడా. బావ ఈ ఏడు వేరే మనిషిని చూసుకున్నాడు, ఏమనుకోకు అన్నాడు. అనుకోకుండా ఎలా ఉంటాను?" టియర్నీ రొట్టె ఆమె చేతుల్లో పెట్టాడు. "దొరగారితో ఏమీ అనకండి. అసలే జ్వరం పడి లేచారు."

ఆయన వెళ్ళాక జెర్లీన వెచ్చటి రొట్టె పట్టుకుని వంటింట్లోనే నిలబడిపోయింది. టియర్నీతో ఒక మాట, మాతో ఒక మాట. ఎందుకు? పెంచిన మనసు వకీలుకన్నా గట్టిది. ఎదటివాడు అడక్కముందే సాకులు పుట్టిస్తుంది. ప్రూయిట్ వీణ్ణి ఏదో మాయ చేసి ఉంటాడు. ఏ పేకాటలోనో ఇరికించి ఉంటాడు. భయపెట్టి ఉంటాడు. పసివాడు, ఏం చెయ్యాలో తెలియక అబద్ధమాడి ఉంటాడు. ఇరవై నాలుగేళ్ళ పసివాడు.

శాలువా భుజాన వేసుకుని ఆమె వీధిలోకి వెళ్ళింది. సంచులు పట్టుకున్న ఆడవాళ్ళు మాటలాపి దారి ఇచ్చారు. ఎప్పుడూ పలకరించేవాళ్ళు ఆ రోజు పలకరించలేదు.

హార్లన్ ప్రూయిట్ దుకాణం వీధికి అవతలి పక్కన, కొంచెం ఎగువన. మనిషి మర్యాదస్తుడు. జెర్లీనని చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ దుమ్ము తన చేతిరుమాలుతో దులిపాడు.

"కూర్చోండి మిసెస్ లిండావర్."

"కూర్చోడానికి రాలేదు. ఇదిగో మీ డాలరు. మా తాళంచెవి ఇవ్వండి."

"డాలరు మీదే. సరుకు నాది. ఇద్దరు సాక్షుల ముందు చెయ్యి కలిపి కొన్నాను. మీవాళ్ళే ఒకటికి రెండుసార్లు చెప్పారు, ఇది ఆట కాదు, నిజం అమ్మకమే అని."

"అది మా పండుగ కోసం చేసే పని అని మీకు తెలుసు. ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు."

"తెలుసు. నేనూ చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. మంచి ఆచారం." ప్రూయిట్ నవ్వాడు. "మీవారు కోర్టుకి వచ్చి, గ్రంథం మీద చెయ్యి పెట్టి, అదంతా ఉత్తుత్తి అమ్మకం అని చెప్తే జడ్జి తాళం తీయిస్తాడు. నేను అడ్డు చెప్పను. కానీ ఆయన రారు కదా."

"ఎందుకు రారు?"

"వస్తే ఆ సరుకు ఆయనకి మైల పడుతుందట కదమ్మా. తినకూడదట, అమ్మకూడదట. అలాంటప్పుడు ఆయన మట్టుకు ఎందుకొస్తారు? పోన్లెండి, బాధపడకండి." ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. "మీ పిండి సముద్రం అవతల ఉండిపోయిందనుకోండి."

జెర్లీనకి ముందు ఆ మాట అర్థం కాలేదు. ఇంటి భాషలో పుట్టిన మాట, ఆ ఇంటి గోడల మధ్య తప్ప ఎక్కడా పలకని మాట. ఇంగ్లీషులో, ఇంకొకడి నోట వినడం అదే మొదటిసారి. అర్థమయ్యాక ఆమె డాలరు బల్ల మీద పెట్టేసింది. జూదంలో ఇరికించినవాడికి ఈ మాట చెప్పరు. భయపెట్టినవాడికి చెప్పరు. పక్కన కూర్చుని, గ్లాసు పంచుకుని, నవ్వుకుంటూ చెప్తే తప్ప ఈ మాట ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి పోదు.

"ఏమన్నారు?" అంది.

"ఏం లేదు. ఎక్కడో విన్న మాట," అన్నాడు ప్రూయిట్, చేతిరుమాలు మడుచుకుంటూ.

డాలరు బల్ల మీదే వదిలేసి ఆమె వచ్చేసింది.

కోపెల్ దుకాణంలో మేకులు తూస్తున్నాడు. కొనేవాడెవడూ లేడు. ఊరికే తూస్తున్నాడు.

"టియర్నీ జబ్బు ఎలా ఉందిరా?" అంది జెర్లీన.

కోపెల్ తక్కెడ వదల్లేదు. "ఎవరు చెప్పారు?"

"ఆయనే వచ్చి చెప్పాడు, రొట్టె తెచ్చి. దుక్కలా ఉన్నాడట."

"ఏదో పొరపాటు విన్నానేమో."

"ప్రూయిట్ దగ్గర్నుంచి వస్తున్నాను. మన పిండి సముద్రం అవతల ఉండిపోయిందన్నాడు."

తక్కెడ పళ్ళెం ఒకటి కిందికి వంగి బల్లకి తగిలింది. కోపెల్ తల ఎత్తలేదు. వాడు తల ఎత్తితే బావుండును, అదేమిటక్కా అని ఆశ్చర్యపోతే బావుండును అని ఆమె ఆ క్షణంలో కూడా కోరుకుంది. వాడు మేకులు ఒక్కొక్కటే ఏరి మళ్ళీ పెట్టెలో వేశాడు.

"మాట్లాడు," అంది.

"ఏం మాట్లాడమంటావు?"

"నీ నోటితో చెప్పు. తిన్నింటి వాసాలు ఎందుకు లెక్కపెట్టావో చెప్పు."

"బయట బోర్డు చూశావా అక్కా?"

"రోజూ చూస్తూనే ఉన్నాను."

"నేనూ రోజూ చూస్తున్నాను. మొన్న శరదృతువులో కొత్త రంగు వేయించాడు బావ. ఐదేళ్ళు పనిచెయ్యి, నీ పేరు కూడా ఎక్కిస్తానన్నాడు. ఐదు పోయి తొమ్మిదయ్యాయి. రంగులవాడు అడిగాడు, ఇంకేమైనా రాయాలా అని. బావ ఏమన్నాడో తెలుసా? ఓటన్‌హైమర్ అని రాస్తే బోర్డు పక్క దుకాణం మీదికి పోతుందయ్యా అన్నాడు. రంగులవాడు నవ్వాడు. కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను."

"అది పరాచికం. బావ నిన్ను ఎన్ని అనలేదు, నువ్వు ఆయన్ని ఎన్ని అనలేదు?"

"పరాచికమే. అందరూ నవ్వి వెళ్ళిపోయారు. నిచ్చెన మాత్రం నేను పట్టుకుని నిలబడ్డాను, లిండావర్ అన్న అక్షరాలు పూర్తయ్యేదాకా."

"ఆ ఓటన్‌హైమర్ పేరు నాది కూడారా. నేనూ ఆ పేరుతోనే పుట్టాను."

"నువ్వు మార్చుకున్నావు. నేను మార్చుకోలేను."

జెర్లీన బల్ల అంచు పట్టుకుంది. "అయినా ఎవరి కోసం రా ఇదంతా? మాకు పిల్లలు లేరు. బావ తరవాత ఇదంతా నీదే కదా."

"అదే. బావ కూడా ఈ మాటే అంటాడు. నా తరవాత అంతా నీదే కదురా అంటాడు. అంటే నేనేం చెయ్యాలి? ఆయన పోవాలని కోరుకుంటూ కూర్చోవాలా? మొన్న జ్వరం వచ్చినప్పుడు..." కోపెల్ ఆగాడు. "జ్వరం వచ్చినప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ మర్నాడే ప్రూయిట్ దగ్గరికి వెళ్ళాను. ఎవరి చావూ కోరకుండా దొరికే దారి అదొక్కటే కనిపించింది."

"వాడేమిచ్చాడు నీకు?"

"కొత్త దుకాణం. ప్రూయిట్ అండ్ ఓటన్‌హైమర్. బోర్డు తయారైంది."

"ఊరికి తిండి లేకుండా చేసి."

"తిండి ఉంది. ధరే పెరుగుతుంది."

"బావ పేరు బురదలో వేసి."

కోపెల్ మొహం ఎర్రబడింది. "నేను దొంగతనం చెయ్యలేదక్కా. బావే అన్నాడు, జ్వరంలో ఒళ్ళు కాలిపోతూ కూడా నా చెయ్యి పట్టుకుని మరీ అన్నాడు. ఉత్తుత్తిగా అమ్మకు, దేవుణ్ణి మోసం చేసినట్టవుతుంది, నిజంగా అమ్ము అన్నాడు. నిజంగా అమ్మాను. ఆయన చెప్పిందే చేశాను."

"ఆయన ప్రమాణం చెయ్యడని నీకు తెలుసు. ప్రూయిట్‌కి తెలీదు. ఆయన దైవభక్తి ఎక్కడ నొప్పి పెడుతుందో నువ్వు వేలు పెట్టి చూపించావు. పైగా పొద్దున్న మా ముందుకొచ్చి, ప్రమాణం చెయ్యి బావా అని బతిమాలావు."

కోపెల్ మేకుల పెట్టెకి మూత వేశాడు.

కొట్టాలనిపించింది ఆమెకి. చిన్నప్పుడు ఎప్పుడూ కొట్టలేదు. తల్లి లేని బిడ్డని, ఎవరెంత చెప్పినా, కొట్టలేదు. ఇప్పుడు చెయ్యెత్తితే ఎవరిని కొడుతున్నట్టో కూడా తెలియడం లేదు.

"నీకొక్క అవకాశం ఇస్తాను," అంది చివరికి. "పైకి వెళ్ళి నువ్వే చెప్పు బావతో. నా నోటివెంట ఆయన ఈ మాట వినకూడదు. నా తమ్ముడివి నువ్వు. నేను చెప్తే ఆయన నన్ను కూడా ఇక మామూలుగా చూడలేడు."

"చెప్తే ఏమవుతుంది?"

"ఏమో. ఆయన క్షమిస్తాడేమో కూడా. ఆయన సంగతి నీకు తెలుసు."

కోపెల్ నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి మడిచి బల్ల మీద పెట్టాడు. "పద," అన్నాడు.

ఆన్‌షెల్ ఇద్దరినీ చూడగానే లేచాడు. పొద్దుటికన్నా మొహం తేటగా ఉంది. పెద్ద గ్రంథం మూసి పక్కన పెట్టి ఉంది.

"నిన్నే పిలుద్దామనుకుంటున్నాను కోపెల్. కూర్చో. కాదు, ముందు నేను అడిగేది విను."

"బావా, నేనొక మాట చెప్పాలి."

"నేను అడిగాక చెప్పు. పొద్దుట్నుంచీ నన్ను తినేస్తున్న సంగతి ఇది." ఆయన దగ్గరికి వచ్చి కోపెల్ భుజం పట్టుకున్నాడు. "ఆ రోజు నేను మంచం మీద ఉన్నాను. తాళంచెవి ప్రూయిట్ చేతిలో పెట్టింది నువ్వు. ఆ క్షణంలో నీ మనసులో ఏముందో అదే ఆ అమ్మకం. ఉత్తుత్తిగా అమ్మి ఉంటే, ఎనిమిది రోజులూ నేను పాపంలో ఉన్నట్టు, పస్కా అంతా ఊరి జనం ముందు దొంగ ప్రార్థన చదివినట్టు. ఆ పాపం మోస్తాను. నిజంగా అమ్మి ఉంటే, దుకాణం పోయినట్టు. అదీ మోస్తాను. ఏది మొయ్యాలో తెలియకపోతేనే మొయ్యలేను. ప్రూయిట్ ఏమన్నా నాకక్కర్లేదు. నీ మాట చాలు."

కింద ఆడవాళ్ళ అరుపులు పెద్దవయ్యాయి, అమ్మకం మొదలైనట్టుంది.

కోపెల్ అక్క వైపు చూశాడు. జెర్లీన చూపు తిప్పుకోలేదు. చెప్పు, అంది కళ్ళతోనే.

"నిజంగానే అమ్మాను బావా," అన్నాడు కోపెల్.

ఆమె ఎదురుచూసింది. ఆ మాట తరవాత ఇంకో మాట రావాలి. వాడి పెదవులు కదిలాయి కూడా. కానీ ఆన్‌షెల్ అంతలోనే గట్టిగా ఊపిరి వదిలాడు. పొద్దుట్నుంచీ వంగి ఉన్న నడుము నిటారుగా అయింది.

"నాకు తెలుసు," అన్నాడు. "నాకు తెలుసు నువ్వు నా మాట దాటవని. పోతే పోయింది దుకాణం. దేవుడి ముందు తల వంచుకోవలసిన పని లేదు. ఎనిమిది రోజులూ ఒక్క పులిసిన ముక్క నాది కాదు. నా పరువు నువ్వు కాపాడావురా. ఒట్టి చేతులతో మళ్ళీ మొదలుపెడదాం. ఈసారి బోర్డు మీద నీ పేరే ముందు."

కోపెల్ ఏదో అనబోయాడు. అనకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

అది దుఃఖమనుకున్నాడు ఆన్‌షెల్. కొడుకుల్లేని ఆ మనిషి ప్రతి శుక్రవారం సాయంత్రం, తండ్రులు కొడుకులకిచ్చే దీవెన కోపెల్ తల మీద చెయ్యి పెట్టి ఇస్తాడు. ఆ రోజు శుక్రవారం కాదు. అయినా చెయ్యి చాపి వాడి తల మీద పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదలడం మొదలుపెట్టాయి.

కోపెల్ ఆ చేతి కింద అలాగే కూర్చున్నాడు. తల తప్పించలేదు, నోరు విప్పలేదు. దీవెన తీసుకుంటున్నాడు.

టియర్నీ తెచ్చిన రొట్టె బల్ల మీద చల్లారిపోయి ఉంది. జెర్లీన దాన్ని చూసింది, తమ్ముణ్ణి చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఏవండీ," అంది. "కాస్త ఆగండి."

ఆన్‌షెల్ పెదవులు ఆగాయి.

"నిజంగానే అమ్మాడు. అందులో అబద్ధం లేదు. ఎవరి కోసం అమ్మాడో అడగండి."

ఆన్‌షెల్ కళ్ళు తెరిచాడు. భార్యని చూశాడు, తన చేతి కింద వంగిన తలని చూశాడు. చెయ్యి మాత్రం ఇంకా తీయలేదు.